నిలిచే సిరా, చెరిగే సిరా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కుని ఉన్న స్టేషనరీ దుకాణాల్లో ఇంకు పెన్ను అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "పిల్లగానికా మేడమ్? ఎన్నో క్లాసు?" నాకే అంటే దుకాణదారు ఒకసారి నా ముఖం చూసి, వెనక అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా తీసి తుడుస్తాడు. చేతిరాత బాగుపడాల్సిన బడిపిల్లలు, పచ్చ సిరాతో సంతకం పెట్టే గెజిటెడ్ ఆఫీసర్లు, రిటైర్మెంటు సభలో శాలువాతో పాటు పెన్ను అందుకునే లెక్చరర్లు... ఇంకు పెన్ను ఈ మూడు రకాల వాళ్లదే అని ఆయన లెక్క. రోజూ నాలుగైదు పేజీలు చేత్తో రాసుకునే ఆడమనిషి ఆ లెక్కలోకి రాదు. ఆయన్నేమీ అనను. ఆ లెక్క ఆయన కట్టింది కాదు, నూరేళ్లకు పైబడిన పాత లెక్క.

నేను ఇంకు పెన్నుకి మారిన కారణం చాలా మామూలుది. పిహెచ్.డి. కోసం పాత స్త్రీల పత్రికల నుంచి నోట్సు ఎత్తి రాసుకునేటప్పుడు బాల్‌పెన్నుతో బొటనవేలు మొద్దుబారిపోయేది. బాల్‌పెన్నుకి ఒత్తిడి కావాలి. కొనలో ఉన్న గుండు దొర్లితేగాని చిక్కటి సిరా కిందికి దిగదు. ఇంకు పెన్ను పాళీ కాగితాన్ని తాకితే చాలు, నీళ్లలాంటి సిరా చీలిక వెంట తనంతట తానే జారుతుంది. మన అక్షరాలు గుండ్రటివి. తలకట్టు, సుడి, వంపు, మళ్లీ సుడి. తెలుగు రాసే చేతికి ఒత్తడం కన్నా జారడం హాయి. ఈ మాత్రం తెలియడానికి చరిత్ర అక్కర్లేదు. అయితే ఏ పెన్ను, ఏ సిరా అని వెతుకుతూ పోతే మాత్రం, ఎవరి రాత నిలిచింది, ఎవరి రాత చెరిగిపోయింది అన్నదాకా వెళ్లక తప్పలేదు.

పాళీకి ముందు గంటం ఉండేది. ఇనుప గంటంతో తాటాకు మీద గీసి, ఆ గీతల్లో మసి పట్టించి తుడిచేవాళ్లు. నిలువు గీతలకు ఆకు చీలుతుందని, అందుకే తెలుగు లిపి గుండ్రంగా తిరిగిందని అంటారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ మసి. దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టడం ఇంటి ఆడవాళ్లకు బాగా తెలిసిన పని, కాటుక చేసే పద్ధతి అదే. అదే మసిలో తుమ్మజిగురు కలిపి నీళ్లతో నూరితే రాసే సిరా అవుతుంది. నెయ్యో ఆముదమో చేరిస్తే కాటుక అవుతుంది. ఒకే దీపం, ఒకే మసి. ఒకటి కంటికి, ఒకటి కలానికి. మొల్ల, తరిగొండ వెంగమాంబ, ముద్దుపళని లాంటి వాళ్లు ఆ గీత దాటినవాళ్లే. దాటిన తర్వాత ఏమయిందో మనకు తెలుసు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్ల వారి చేత అచ్చువేయిస్తే అశ్లీలమని నిషేధించారు. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. నిలవాలంటే సిరా ఒక్కటి గట్టిదైతే చాలదన్న మాట.

భండారు అచ్చమాంబ (1874-1905) కాలానికి కలం, సిరాబుడ్డి వచ్చాయి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయనతో పాటు తెలుగు, హిందీ నేర్చుకుని, తర్వాత స్వయంకృషితో మరికొన్ని భాషలు పట్టుకున్న మనిషి. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కోసం ఎంత రాసి ఉంటుందో ఆలోచిస్తే, ఆ రాతంతా ముంచి రాసే కలంతోనే కదా అనిపిస్తుంది. ముంచుడు కలం నాలుగు మాటలకోసారి బుడ్డిలో మునగాలి. అంటే బల్లో పీటో ఉండాలి, కదలని చోటుండాలి, పక్కన పాకే పిల్లలు ఉండకూడదు. సిరాబుడ్డి ఒలికితే చాప పాడవుతుంది, చీర పాడవుతుంది, రాసిన కాగితం పాడవుతుంది. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగిన సొంత గది మనకు కంఠోపాఠం. ఆ గదిలో ఒలకని సిరాబుడ్డి కూడా ఉండాలని కలుపుకోవచ్చు. 1902లో ఏలూరు నుంచి మొదలైన 'హిందూసుందరి'కి రాసిన స్త్రీలంతా ఇట్లా వంటకీ నిద్రకీ మధ్య బుడ్డి మూత తీసినవాళ్లే.

ఇంకు పెన్ను గొప్పతనం ఏమిటంటే సిరాబుడ్డిని కలం కడుపులో పెట్టింది. 1884లో న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న పెన్నుతో అది నమ్మకంగా పనిచేయడం మొదలైంది. సిరా కిందికి దిగినంత మేరా గాలి లోపలికి వెళ్లే సన్నటి గాళ్లు ఆయన పాళీ కింద అమర్చాడు. అప్పటి నుంచి రాత బల్లని వదిలి బయల్దేరింది. రైల్లో రాయొచ్చు, పొలం గట్టు మీద రాయొచ్చు, కోర్టు వరండాలో రాయొచ్చు. ఇంత సౌకర్యంలో ఒక చిన్న మెలిక ఉంది. పెన్నుకి క్లిప్పు పెట్టారు. క్లిప్పు జేబుకి. జేబు ఎవరికుంది?

చీరకి జేబు లేదు. జాకెట్టుకి లేదు. పాశ్చాత్య స్త్రీల దుస్తులకీ పెద్దగా లేదు గనక 1910ల, 20ల నాటి అమెరికా కంపెనీలు ఆడవాళ్ల కోసం పొట్టి పెన్నులు చేసి, క్లిప్పుకి బదులు తల మీద ఉంగరం పెట్టి అమ్మాయి. గొలుసుకో రిబ్బనుకో కట్టుకుని మెడలో వేసుకోవాలి. పార్కర్ వాళ్ల 'లేడీ డ్యూఫోల్డ్' అట్లాంటిదే. పెద్ద డ్యూఫోల్డ్ కన్నా సన్నం, పొట్టి, కాబట్టి పట్టే సిరా కూడా తక్కువ. ఆడవాళ్లకు రాసే పని తక్కువని అనుకున్నారేమో! 2012లో బిక్ కంపెనీ గులాబీ, ఊదా రంగుల్లో 'ఆడవాళ్ల కోసం' బాల్‌పెన్నులు వేసి నవ్వులపాలైంది గాని, ఆ ఆలోచనకి అప్పటికే తొంభై ఏళ్ల వయసు. మన టీచరమ్మలు మాత్రం ఏ కంపెనీ కోసమూ ఆగలేదు. జాకెట్టు మెడ దగ్గర క్లిప్పు తగిలించుకుని బడికి వెళ్లారు. నల్లగొండ జిల్లాలో మా అమ్మకు చదువు చెప్పిన టీచరును తలుచుకుంటే అమ్మకి ముందు గుర్తొచ్చేది ఆ పెన్ను మూతే.

తెలుగు నేల మీద పెన్ను కథ రాజమండ్రి నుంచి చెప్పాలి. కోసూరి వెంకటరత్నం స్వర్ణకార వృత్తి తెలిసినవాడు. 1932లో అక్కడ రత్నం పెన్ను మొదలైంది. స్వదేశీ వస్తువు ఏదైనా చేయమన్న గాంధీ ప్రోద్బలమే దానికి మూలమని చెప్తారు. లేతు మీద ఎబోనైటు కడ్డీని తిప్పి, మధ్యలో తొలిచి, మర చెక్కి, మెరుగుపెట్టి ఒక్కొక్క పెన్నూ చేత్తో తయారుచేయడం. ఎబోనైటంటే గంధకంతో ఉడికించి గట్టిపరచిన రబ్బరు. చేతి వేడికి తగ్గట్టు వెచ్చబడుతుంది, ఎండాకాలం చెమటలోనూ జారదు. 1934 చివర్లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తరఫున జె.సి. కుమారప్ప ద్వారా రత్నం పెన్ను గాంధీకి చేరింది. వాడి చూశాననీ, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులుగా కనిపిస్తోందనీ గాంధీ 1935 జూలై 16న జవాబు రాశాడు. సిరాలదీ అదే దారి. 1931లో బొంబాయిలో దండేకర్ల 'హార్స్ బ్రాండ్' సిరా పొడి, బిళ్లలతో మొదలైనదే తర్వాత కేమ్లిన్ అయింది. 1934లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న రాజషాహిలో మైత్రా సోదరులు 'సులేఖ' మొదలుపెట్టారు. ఇటు నిజాం హైదరాబాదులో, అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ అప్పటికే, 1928 నుంచీ ఉంది. అక్కడ అమ్ముడయ్యేవి ఎక్కువగా విదేశీ పెన్నులు. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలకి రెండు రకాల పెన్నులు!

రత్నం పెన్ను కథ చదివినప్పుడల్లా గర్వంగానే ఉంటుంది. కానీ ఆ కథని స్త్రీల వైపు నుంచి చదివితే ఒక ఖాళీ కనిపిస్తుంది. స్వదేశీ ఉద్యమం ఆడవాళ్ల చేతికి ఇచ్చిన వస్తువు రాట్నం. రాట్నం తిప్పే స్త్రీ బొమ్మ ఎన్ని పోస్టర్ల మీద, ఎన్ని పత్రికల ముఖచిత్రాల మీద చూశామో! స్వదేశీ పెన్ను పట్టుకున్న స్త్రీ బొమ్మ నా పరిశోధనలో ఒక్కటీ ఎదురుకాలేదు. నూలు వడకడానికి చదువు అక్కర్లేదు, ఇంట్లోంచి కదలక్కర్లేదు. పెన్ను పట్టుకుంటే లెక్క వేరవుతుంది. ఆ మాట అన్నందుకు రాట్నాన్ని తక్కువ చేసినట్టు కాదు. ఆ రాట్నం పేరు మీదే గడప దాటిన వాళ్లు బోలెడు మంది. అదే రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఖద్దరూ కట్టింది, చిన్నతనంలోనే కాకినాడలో ఆడవాళ్లకు హిందీ పాఠాలూ చెప్పింది. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టింది. రాట్నం నుంచి పెన్ను దాకా దారి వేసుకున్నది ఆడవాళ్లే, ఇంకెవరో వేసిపెట్టింది కాదు.

ఇక సిరా సంగతి. అసలు చెప్పాలనుకున్నది ఇదే.

సిరాల్లో ముఖ్యమైన తేడా రంగులో లేదు, నిలకడలో ఉంది. ఆఫీసు రిజిస్టర్లలో తరతరాలుగా వాడినది ఇనుము ఉన్న సిరా. కరక్కాయ లాంటి వగరు కాయల నుంచి వచ్చే టానిన్, అన్నభేది కలిస్తే అది తయారవుతుంది. రాసేటప్పుడు పాలిపోయినట్టుంటుంది గనక చేతికి కనపడటం కోసం కాస్త నీలి రంగు కలుపుతారు. గాలి తగిలే కొద్దీ ఒకటి రెండు రోజుల్లో నల్లబడి కాగితంలోకి దిగిపోతుంది. నీళ్లు పడ్డా పోదు. బ్లూబ్లాక్ అనే పేరు అట్లా వచ్చింది. పుట్టుక, చావు, పెళ్లి, భూమి రిజిస్టర్లకి ఈ రకం సిరానే వాడాలని చాలా దేశాల్లో నియమం ఉండేది. 'రిజిస్ట్రార్స్ ఇంక్' అన్న పేరు అందుకే.

రెండోది ఇంట్లో వాడేది, బడిలో వాడేది, వాషబుల్ రాయల్ బ్లూ. బట్టల మీద పడితే ఉతికితే పోవాలని చేసింది. నీళ్లకు పోతుంది, వెలుతురుకి పోతుంది, వానాకాలం గోడ చెమ్మకి కూడా పాలిపోతుంది. చవక, పాళీని తినదు, పిల్లలకి మంచిది. ఆడవాళ్ల ఉత్తరాలు, పద్దులు, పాటల పుస్తకాలు, డైరీలు రాసింది దీంతోనే. ఎందుకంటే ఇంట్లో ఉండే బుడ్డి అదే. పిల్లల హోంవర్క్ అయ్యాక మిగిలిన సిరా అదే.

మా అమ్మమ్మ పద్దుల పుస్తకం నా దగ్గర ఉంది. సూర్యాపేట దగ్గరి ఊళ్లో, తమ్ముడి పలక మీద అక్షరాలు దిద్దుకున్న మనిషి. పాల లెక్కలు, చిట్టీ పైసలు, ఎవరింటికి ఎన్ని సోలల బియ్యం బదులు పోయింది, ఎవరికి కాన్పయింది, ఏ రోజు వాన పడ్డది, అన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో ఒకచోట, ఏ సంబంధమూ లేకుండా, 'ఈ రోజు ఎవరితోని మాట్లాడలె' అని ఒక్క వాక్యం. ఆ పేజీని ఇప్పుడు కిటికీ దగ్గర అడ్డంగా పట్టుకుని చూస్తే తప్ప కనపడదు. అదే ట్రంకు పెట్టెలో ఉన్న తాతయ్య భూమి కాగితాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. ఒకే ఇల్లు, ఒకే పెట్టె, ఒకే చెమ్మ. సిరాలు వేరు.

ఆ భూమి కాగితాల్లో అమ్మమ్మ ఎక్కడుందా అని చూశాను. ఒకచోట 'భార్య' అని ఉంది, పేరు లేదు. ఇంకోచోట వేలిముద్ర ఉంది. సంతకం చేయగలిగిన మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారు, అడిగే ఓపిక ఎవరికి లేదో మరి! దేశంలో 1951 జనాభా లెక్కల నాటికి చదవనూ రాయనూ వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. ఎక్కువమంది ఆడవాళ్ల దగ్గరికి సిరా మొదట వచ్చింది ఇట్లాగే, పాళీ మీద కాదు, బొటనవేలి మీద పూసుకుని. పహాణీలు రాసే పట్వారీ కలంలో ఎంత బలముందో తెలంగాణ పల్లెలకి చెప్పనక్కర్లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ, కరణం మునసబు వ్యవస్థని రద్దు చేసింది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో పాటు కూతుళ్లకీ పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి ఆ హక్కు లేదన్నారు. మా అమ్మ పెళ్లి 1979లో. రిజిస్టరు సిరా ఆమె పేరు దాకా రానేలేదు.

ఇక్కడ 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తుకు రాకుండా ఉండదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన వాళ్లు సేకరించి 1986లో పుస్తకంగా తెచ్చారు. అది చేత్తో రాసిన పత్రాల మీద ఆధారపడి కట్టిన చరిత్ర కాదు, నోటితో చెప్పించుకుని టేపు చేసిన చరిత్ర. పార్టీ డాక్యుమెంట్లు రాసిన కలాలు వేరే చేతుల్లో ఉన్నాయి కాబట్టి స్త్రీవాద చరిత్ర రచన టేప్‌రికార్డరుతో మొదలుకావలసి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో అరగంట పోతే వచ్చే కోఠి ఉమెన్స్ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమె కథ కూడా మనదాకా ముందు నోటి మాటగానే వచ్చింది.

ఇంతా చెప్పి ఇంకు పెన్నే గొప్పదని అంటే తప్పు. బాల్‌పెన్ను చేసిన మేలు చిన్నది కాదు. 1938లో హంగరీకి చెందిన బీరో పేటెంటు తీసుకున్న ఆ వస్తువు, మన దగ్గర 1980ల్లో చవకయ్యాక, సిరాబుడ్డి కొనలేని ఇళ్లలోకి కూడా రాతని తెచ్చింది. ఒలకదు, కడగక్కర్లేదు, చీర కొంగున ముడేసుకున్నా పరవాలేదు. పలకా బలపంతో అక్షర దీక్ష మొదలుపెట్టి 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి ఇంకు పెన్నూ లేదు, దాని అవసరమూ పడలేదు. ఇవాళ చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలంతా జెల్ పెన్నులతో రిజిస్టర్లు నింపుతున్నారు. ఓఎంఆర్ షీటు మీద బాల్‌పెన్నుతోనే గుండ్రాలు దిద్దాలి. ఎబోనైటు వాసన, పాళీ చప్పుడు అంటూ మురిసిపోయే వాళ్లని చూస్తే నాకు కొంచెం అనుమానమే. ఖరీదైన పెన్నుల ముచ్చట చాలావరకు తీరికా డబ్బూ ఉన్న మగవాళ్ల ముచ్చటగానే ఉంది.

నా వరకు రోజువారీ రాతకి మూడే చూస్తాను. చేతికి ఒత్తిడి ఉండకూడదు, మామూలు నోట్‌బుక్ కాగితం మీద సిరా వేర్లు పారకూడదు, దాచాల్సింది నిలవాలి. మన నోట్‌బుక్‌లలో చాలావాటి కాగితం సిరాని పీల్చేస్తుంది, అందుకని సన్నపాళీ. వెడల్పు పాళీతో వత్తులు నిండిపోయి 'క్ష' ఒక మచ్చలా తయారవుతుంది. నా పెన్ను రాజమండ్రి ఎబోనైటుదే, ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి సిరా పోసేది. క్యాట్రిడ్జీలు కొనే పని లేదు. ఒకసారి నింపితే వారం పైనే వస్తుంది. దానికొక చాదస్తం ఉంది. సిరా మూడో వంతుకి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర ఒక బొట్టు కక్కుతుంది. మే నెలలో ఎల్.బి. నగర్ డాబా ఇంట్లో, ఫ్యాను కింద, ఇది మరీ ఎక్కువ. అందుకని సగానికి రాగానే నింపేస్తాను. రెండు వారాలకోసారి చల్లటి నీళ్లతో కడుగుతాను. బ్లూబ్లాక్ వాడేవాళ్లకి ఈ కడగడం తప్పదు. అసలైన ఇనుప సిరా అయితే ఎండి పాళీ మీద గడ్డకడుతుంది, స్టీలు పాళీనైతే తినేస్తుంది కూడా. బుడ్డి మీద బ్లూబ్లాక్ అని ఉన్నంత మాత్రాన ఇనుము ఉందనుకోవడానికీ లేదు, ఇప్పుడు చాలావరకు వట్టి రంగులే. 1980ల చివర్లో మూతపడి, 2006లో మళ్లీ తెరిచిన సులేఖ వాళ్లు 2020 నుంచి ఇంకు పెన్ను సిరాలు తిరిగి చేస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్పుడూ దొరికేది మాత్రం బడిపిల్లల నీలం బుడ్డే.

బుడ్డి మీద రాతని నమ్మకుండా ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టాను, ఎవరైనా చేసుకోవచ్చు. ఒకే కాగితం మీద నాలుగు సిరాలతో ఒకే వాక్యం రాసి, ప్రతి వాక్యంలో సగం మీద నల్ల అట్ట అతికించి, ఎండ బాగా పడే పడమటి కిటికీకి ఫిబ్రవరిలో అంటించాను. జూన్‌లో వానలు రాగానే అట్ట తీశాను. రాయల్ బ్లూ సగం వాక్యం దగ్గర ఆగిపోయినట్టుంది. ఎండ తగిలిన చోట పాళీ గీరిన జాడ మాత్రమే మిగిలింది. బాల్‌పెన్ను నీలం బాగా వెలిసింది, చదవొచ్చు. ఇనుము ఉన్న బ్లూబ్లాక్‌లో నీలం పోయి బూడిద రంగు గీత మిగిలింది, ప్రతి అక్షరమూ చదవడానికి వస్తోంది. మసి నుంచి చేసే కార్బన్ నలుపు అసలు మారలేదు. ఆ నలుపు పెన్నులో ఎండితే వదలదు కాబట్టి దాన్ని రోజూ రాయడానికి వాడను. చిత్తు రాతలకి చవక నీలం, దాచుకునే వాటికి బ్లూబ్లాక్ అని పెట్టుకున్నాను.

అమ్మమ్మ పద్దుల పుస్తకాన్ని ఫోనులో ఫొటోలు తీశాను గాని సగం పేజీల్లో ఏమీ రాలేదు. అందుకని రాత్రిళ్లు టేబుల్ ల్యాంపు పక్కకి వంచి, పాళీ కాగితంలో చేసిన నొక్కుల్ని బట్టి ఒక్కొక్క మాటా పోల్చుకుంటూ, ఆమె రాసింది రాసినట్టే, ఆమె అక్షరదోషాలతో సహా, బ్లూబ్లాక్‌తో వేరే నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తున్నాను. అర్థం కాని చోట చుక్కలు పెడుతున్నాను. 1974 అయిపోయింది. 1975లో మార్చి నెల పేజీలు నీళ్లలో తడిసినట్టున్నాయి, వాటికి పగటి వెలుతురు కావాలి.